డ్రైవింగ్ లైసెన్స్ టెస్ట్‌కు ఏ కాగితాలు, ఏ బండి తీసుకెళ్లాలి? అమ్మకూ నాకూ కలిపి ఒక సందేహం

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయి

అందరికీ నమస్కారం. మేము సూర్యాపేట నుంచి వచ్చి కొన్నేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాము. నాకు 24 ఏళ్లు. ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) తీసుకుని నెల దాటింది కాబట్టి పర్మనెంట్ లైసెన్స్ కోసం వచ్చే వారానికి డ్రైవింగ్ టెస్ట్ స్లాట్ బుక్ చేసుకున్నాను. నా హడావిడి చూసి మా అమ్మ కూడా స్కూటర్ నేర్చుకుంటానని పట్టుపట్టింది. ఆమెకు 51 ఏళ్లు. మార్కెట్‌కు వెళ్లాలన్నా, బ్యాంకుకు వెళ్లాలన్నా ఆటోవాళ్లతో బేరమాడి విసిగిపోయానని, ఇక తన బండి తానే నడుపుకుంటానని అంటోంది. ఆమెకు ఎల్ఎల్ఆర్ దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

మా ఇద్దరి కాగితాలలోనూ చిక్కులున్నాయి. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆధార్‌లో మాత్రం ఒక్క అక్షరంతో సరిపెట్టారు. ఎల్ఎల్ఆర్ ఇచ్చేటప్పుడు ఆ తేడా గురించి ఎవరూ అడగలేదు గానీ, ఇప్పుడు అడుగుతారేమోనని భయంగా ఉంది. అమ్మ మెమో పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఆధార్ నాన్నగారి ఇంటిపేరుతో ఉంది. పైగా ఆమె ఆధార్‌లో పుట్టిన తేదీకి బదులు సంవత్సరం ఒక్కటే ఉంది, చిరునామా కూడా ఇంకా సూర్యాపేటదే. నా ఆధార్‌లో చిరునామా ఇక్కడికి మార్చుకున్నాను.

బండ్ల విషయం కూడా చెప్పాలి. నా ఎల్ఎల్ఆర్‌లో గేర్లున్న మోటార్ సైకిల్, కారు రెండూ ఉన్నాయి. ఇంట్లో ఉన్నది నాన్నగారి పేరు మీద ఉన్న పాత స్కూటర్, ఏపీ 24 నంబరుతో. నాన్నగారు ఉద్యోగరీత్యా సూర్యాపేటలోనే ఉంటున్నారు. కారు మా ఆఫీసులో ఒకరు ఇస్తామన్నారు, అది ఆటోమేటిక్. వీటితో టెస్ట్‌కు వెళ్లవచ్చా? నేను ఆ రోజు చేతిలో ఏమేమి పెట్టుకుని వెళ్లాలి, అమ్మకు ముందుగా ఏమేమి సిద్ధం చేయాలి? ఏజెంటుకు అప్పగిస్తే అన్నీ ఆయనే చూసుకుంటాడని పక్కింటివారు అంటున్నారు గానీ, నాకు అది ఇష్టం లేదు.

జవాబు: డ్రైవింగ్ స్కూల్ శిక్షకుడు

అమ్మా, నేను డ్రైవింగ్ నేర్పే పనిలో ఉన్నాను, నేర్చుకున్నవారిని వెంటబెట్టుకుని నాగోలు ట్రాక్‌కు తరచూ వెళుతుంటాను. మీ టెస్ట్ ఏ ట్రాక్‌లో జరుగుతుందో మీ స్లాట్ కాగితం మీదే ఉంటుంది. నగరంలో నాగోలు, కొండాపూర్, బండ్లగూడ ఇలా వేర్వేరు చోట్ల ట్రాకులున్నాయి కాబట్టి పక్కింటివారు ఎక్కడికి వెళ్లారో విని బయలుదేరకండి.

ఒరిజినల్ ఎల్ఎల్ఆర్, స్లాట్ కాగితం, ఫీజు కట్టిన రసీదు, ఆధార్, మెమో, వాటి మీద మీరు సంతకం చేసిన జిరాక్స్ ప్రతులు. మీ వరకు కాగితాలంటే ఇంతే. వీటిని సాధారణంగా ఎవరూ మరిచిపోరు, ఎందుకంటే ముందు రోజు రాత్రే ఫైలులో పెట్టుకుంటారు. ట్రాక్ గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయేవారిలో నేను చూసినంతవరకు ఎక్కువమంది బండి కాగితాల దగ్గర ఆగిపోయినవారే. మనిషి తన గుర్తింపు పత్రాలన్నీ మోసుకొస్తాడు, తాను ఎక్కి వచ్చిన బండి ఎవరిదో, దాని కాగితాలు ఏ స్థితిలో ఉన్నాయో చూసుకోడు. ఆర్సీ (బండి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్), అమలులో ఉన్న ఇన్సూరెన్స్, గడువు తీరని పొల్యూషన్ సర్టిఫికెట్ ఈ మూడూ ఉండాలి. మొదటిసారి రిజిస్టర్ అయిన తేదీ నుంచి ఏడాది వరకు కొత్త బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ అవసరం లేదు, ఆ తరువాత తప్పనిసరి. బండి ఇంకొకరి పేరు మీద ఉండడం తప్పు కాదు, యజమాని రానక్కరలేదు కూడా. అయితే కారు ఇస్తానన్నవారు తాళంచెవితో పాటు కాగితాలు కూడా ఇస్తున్నారో లేదో ముందు రోజే అడిగి చూసుకోండి. డాష్‌బోర్డులో ఉన్నాయని చెప్పి పంపిస్తారు, తీసి చూస్తే అందులో పోయిన ఏడాది ఇన్సూరెన్స్ ఉంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. మీ ఎల్ఎల్ఆర్‌లో గేర్లున్న మోటార్ సైకిల్ అని ఉంటే, స్కూటర్ మీద ఆ టెస్ట్ ఇవ్వడం కుదరదు. మోటారు వాహనాల చట్టం ద్విచక్ర వాహనాలను గేర్లు లేనివి, గేర్లున్నవి అని రెండు తరగతులుగా విడదీసింది. ఏ తరగతికి లైసెన్స్ కావాలో ఆ తరగతి బండి మీదే నడిపి చూపాలి. కారు విషయంలో అలాంటి విభజన చట్టంలో లేదు. లైట్ మోటార్ వెహికల్ అని ఒకే తరగతి ఉంది కాబట్టి ఆటోమేటిక్ కారు తీసుకురావడానికి అడ్డు లేదు. నిజానికి ఎత్తు మీద ఆపి మళ్లీ ముందుకు కదిలించే చోట ఆటోమేటిక్ బండి మీకు మేలే చేస్తుంది. కాకపోతే టెస్ట్ రోజున తొలిసారిగా ఆ కారు ఎక్కకండి. హెచ్ ఆకారపు ట్రాక్‌లో వెనక్కి తీసేటప్పుడు బండి వెడల్పు, అద్దంలో కనిపించే గీత, స్టీరింగ్ ఎంత తిప్పితే ఎంత మళ్లుతుంది అన్నది చేతికి తెలిసి ఉండాలి, అది ఒక్కో కారుకు ఒక్కో రకంగా ఉంటుంది.

ఏపీ 24 అన్న నంబరు వల్ల ఇబ్బంది లేదు. 2014 జూన్‌లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత కొత్త బండ్లకు టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ వచ్చింది, అంతకుముందు రిజిస్టర్ అయిన బండ్లు పాత నంబర్లతోనే తిరుగుతున్నాయి. అయితే ఆ నంబరు ఇంకో సంగతి చెబుతోంది. ఏపీ సిరీస్ అంటే బండి 2014 జూన్‌కు ముందుదే అయి ఉండాలి. రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకే చెల్లుతుంది. ఆర్సీ మీద గడువు తేదీ ఏముందో ఈ రోజే చూడండి. మీ అమ్మగారు నేర్చుకోవాలనుకుంటున్నది కూడా ఆ బండి మీదే అనుకుంటాను.

మరొక మాట. ఎల్ఎల్ఆర్ ఉన్నంత మాత్రాన ఒంటరిగా కారు నడుపుకుంటూ ట్రాక్‌కు రాకూడదు. లైసెన్స్ ఉన్న మనిషి పక్క సీటులో కూర్చోవాలి, బండికి ముందూ వెనుకా ఎల్ బోర్డు ఉండాలి. తెల్లటి నేల మీద ఎర్రటి అక్షరం, బోర్డు ప్రతి వైపు 18 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలని నిబంధన. ట్రాక్ దగ్గర అమ్మే స్టిక్కర్లలో కొన్ని అరచేయంత ఉంటాయి, కాబట్టి ముందే కొనుక్కోండి. ద్విచక్ర వాహనానికైతే హెల్మెట్ పెట్టుకునే 8 ఆకారపు ట్రాక్‌లోకి దిగాలి.

తప్పినా కంగారు పడవద్దు. ఏడు రోజుల తరువాత మళ్లీ టెస్ట్‌కు రావచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం 60 రోజులు ఆగాలి. ఏజెంటు వద్దనుకోవడం మంచి నిర్ణయం. ఈ మాట అనడానికి మావాళ్లలో కొందరు ఇష్టపడకపోవచ్చు గానీ, స్లాట్ బుక్ చేయగలిగిన వ్యక్తికి ఏజెంటు చేసి పెట్టేది ఏమీ లేదు.

జవాబు: సరూర్‌నగర్ విశ్రాంత ఉద్యోగి

శిక్షకుడు గారు బండి సంగతి బాగా చెప్పారు. నేను రవాణా శాఖలో పనిచేయలేదు గానీ, ఉద్యోగం చేసినంతకాలం ఇతరుల ధ్రువపత్రాలు పరిశీలించడమే నా పని కాబట్టి, పేర్ల విషయంలో నాలుగు మాటలు రాస్తాను.

కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి కాగితాలు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టడు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒకటేనా కాదా అని చూస్తాడు. అక్కడ పొసగితే పని రెండు నిమిషాలలో అయిపోతుంది, పొసగకపోతే మీరు ఇంకో పది కాగితాలు చూపినా అనుమానం తీరదు. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు రాస్తాము. బడిలో ఒకలా, ఆధార్ నమోదు చేసిన చోట ఒకలా, బ్యాంకులో ఇంకొకలా రాయించుకున్నాము. ఎక్కడెక్కడో రాయించుకున్న ఆ పేర్లన్నీ లైసెన్స్ దగ్గరకు వచ్చేసరికి ఒకేచోట కలుస్తాయి.

మీ సంగతి సులువు. మెమోలో పేరు మార్పించడం సుదీర్ఘమైన వ్యవహారం, ఆధార్‌లో మార్చుకోవడం అంత కష్టం కాదు. అందువల్ల మెమోలో ఉన్నట్టుగా ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా రాయించుకోండి. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు కాబట్టి అక్షరం అక్షరం సరిచూసుకుని మార్చండి. పాస్‌పోర్టు ఉంటే దానిలో ఎలా ఉందో కూడా ముందుగా చూడండి. విదేశాలకు వెళ్లే ఆలోచన మీ వయసువారిలో ఎక్కువమందికి ఉంటుంది. రేపు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కోసం దరఖాస్తు చేస్తే పాస్‌పోర్టు, వీసా, లైసెన్స్ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తారు. మెమో, ఆధార్, పాస్‌పోర్టు, లైసెన్స్ నాలుగింటిలోనూ పేరు ఒకే తీరుగా ఉండేలా ఇప్పుడే సర్దుకుంటే తరువాత తిరగనక్కరలేదు. వచ్చే వారం టెస్ట్‌కు మాత్రం ఏ కాగితాలు చూపి ఎల్ఎల్ఆర్ తీసుకున్నారో అవే తీసుకెళ్లండి. ఆధార్ మార్పుకు ఇప్పుడే దరఖాస్తు చేసి, అది సగంలో ఉండగా టెస్ట్‌కు వెళితే మీకే అయోమయం.

అమ్మగారి విషయంలో మొదట అడగవలసింది ఆమెకు పాస్‌పోర్టు ఉందా అని. ఉంటే వయసుకు అదే రుజువు, పేరు కూడా అత్తింటి ఇంటిపేరుతోనే ఉంటే మెమో బయటకు తీయనక్కరలేదు. లేకపోతే పుట్టింటి పేరునూ అత్తింటి పేరునూ కలిపే కాగితం ఒకటి కావాలి. అన్నిటికన్నా బలమైనది వివాహ ధ్రువపత్రం. అప్పట్లో పెళ్లి నమోదు చేయించుకోలేదంటే కంగారు లేదు. హిందూ వివాహ చట్టం కింద ఏళ్లు గడిచిన వివాహాలను కూడా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేసుకోవచ్చు, దంపతులిద్దరూ సాక్షులతో వెళ్లవలసి ఉంటుంది. ఆ పత్రం ఒకసారి చేతికి వస్తే లైసెన్స్‌కే కాదు, రేపు పాస్‌పోర్టుకూ, ఆస్తి వ్యవహారాలకూ అదే ఆధారం. ఫలానా పేరూ ఫలానా పేరూ ఒక్కరివే అని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించుకోవడం మరో మార్గం. అది త్వరగా అవుతుంది. కానీ నా దృష్టిలో అది రెండో మార్గమే, ఎందుకంటే అఫిడవిట్‌లో మీరు చెప్పిన మాట ఉంటుంది, ధ్రువపత్రంలో ప్రభుత్వం చెప్పిన మాట ఉంటుంది.

పేరు తేలిన తరువాత మెమో ఆధారంగా ఆధార్‌లో పుట్టిన తేదీ పూర్తిగా వేయించండి. చిరునామాకు తేలిక దారి ఉంది. మీ ఆధార్ ఇప్పటికే దిల్‌సుఖ్‌నగర్ చిరునామాతో ఉంది కాబట్టి, కుటుంబ పెద్ద ఆధార్‌ను బట్టి చిరునామా మార్చుకునే పద్ధతిలో అమ్మగారి తరఫున ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. 18 ఏళ్లు దాటిన ఎవరైనా ఆ కుటుంబ పెద్దగా ఉండవచ్చు, అంటే మీరే ఉండవచ్చు. బంధుత్వం చూపే పత్రం ఒకటి జతచేయాలి, మీ అనుమతి 30 రోజుల లోపల నమోదు చేయాలి. ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు వాడుకలో ఉందో లేదో చూడండి. చాలామంది పెద్దవారి ఆధార్‌కు ఎప్పుడో వదిలేసిన నంబరు ఉంటుంది, ఓటీపీ అక్కడికే పోతుంది.

చిన్న విషయం ఒకటి. దరఖాస్తులో గుర్తింపు చిహ్నాలు అని ఒక గడి ఉంటుంది. పాత మెమోల మీద రెండు పుట్టుమచ్చలు రాసి ఉంటాయి. చాలామంది ఆ గడి చూసి అద్దం ముందు నిలబడి కొత్త మచ్చలు వెతుక్కుంటారు. మెమోలో ఉన్నవే ఇక్కడా రాయండి.

జవాబు: ఉప్పల్ వాసి

ఇంత లోతుగా ఆలోచించనక్కరలేదని నా అభిప్రాయం. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టుకుని వెళ్లండి. ఆధార్, ఓటరు కార్డు, పాన్ కార్డు, రేషన్ కార్డు, ఎల్ఐసీ బాండు, కరెంటు బిల్లు అన్నీ ఉంటే అడిగింది అడిగినట్టు తీసి ఇవ్వవచ్చు. మా అన్నయ్యను ఏదో కార్యాలయంలో ఒక్క జిరాక్స్ కోసం తిప్పి పంపారు. అప్పటి నుంచి మా ఇంట్లో అందరం మొత్తం ఫైలుతోనే బయలుదేరుతాము. ఫోన్‌లో డిజిలాకర్ (పత్రాలు దాచుకునే ప్రభుత్వ యాప్) ఉంటే ఇంకా మంచిది.

జవాబు: సరూర్‌నగర్ విశ్రాంత ఉద్యోగి

బాబూ, ఫైలు వెంట ఉండడంలో తప్పు లేదు, కౌంటర్ మీద పరచడంలోనే ఉంది తప్పంతా. ఆ అమ్మాయి తల్లిగారి విషయమే చూడండి. మెమోలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఒకటి. వీటికి తోడు ఓటరు కార్డులో వయసు ఒక ఏడాది తేడాగా, రేషన్ కార్డులో పేరు ముద్దుపేరుగా ఉన్నాయనుకోండి. అడగని కాగితం తీసి చూపిన ప్రతిసారీ ఎదుటివారికి కొత్త ప్రశ్న దొరుకుతుంది. అప్పటివరకు రెండు పేర్ల మధ్య ఉన్న తేడా నాలుగు పేర్ల మధ్య తేడాగా మారుతుంది. పాన్ కార్డు వంటివి వయసు చెబుతాయి, చిరునామా చెప్పవు. కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరు మీద ఉంటుంది, అద్దెకున్నవారికి దానితో పని జరగదు. వయసుకు ఒకటి, చిరునామాకు ఒకటి, ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసిగేవి ఇంట్లోనే ఎంచుకుని అవే చేతిలో పెట్టుకోవాలి. మిగతావి సంచిలో ఉండనివ్వండి, అడిగితేనే తీయండి.

డిజిలాకర్‌లోని ఆర్సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్ రోడ్డు మీద పోలీసులకు చూపడానికి చెల్లుతాయన్నది నిజమే. కార్యాలయంలో మాత్రం ఫైలులో జతచేసేది కాగితం కాబట్టి ప్రింటు తీసుకెళ్లడమే మంచిది. ఫోన్ చార్జింగ్ అయిపోతే డిజిలాకర్ ఉన్నా లేనట్టే.

ప్రశ్న అడిగినవారు: దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయి

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. శిక్షకుడు గారు చెప్పినట్టు నాన్నగారి స్కూటర్ ఆర్సీ తీసి చూశాను. రిజిస్టర్ అయింది 2009లో, గడువు 2024లోనే తీరిపోయింది. ఇన్సూరెన్స్ మాత్రం నాన్నగారు ఏటా ఫోన్‌లోనే కడుతూ వచ్చారు కాబట్టి అది అమలులోనే ఉంది. అందుకే ఇంతకాలం బండి కాగితాలన్నీ బాగున్నాయనే అనుకున్నాము.

ఇక గేర్ల సంగతి. నాకు స్కూటర్ బాగా వచ్చు, గేర్ల బండి అసలు ముట్టుకోలేదు. ఎల్ఎల్ఆర్ దరఖాస్తులో ఆ తరగతి ఎంచుకుంటే అన్నీ కలిసి వస్తాయని ఎవరో అంటే అలా పెట్టాను. ఇప్పుడు ఏమి చేయాలి?

జవాబు: డ్రైవింగ్ స్కూల్ శిక్షకుడు

ఎంచుకున్నది మంచి తరగతే, అందులో నష్టం లేదు. గేర్లున్న మోటార్ సైకిల్ లైసెన్స్ ఉంటే స్కూటర్ కూడా నడపవచ్చు, స్కూటర్ లైసెన్స్‌తో గేర్ల బండి నడపకూడదు. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. మీకు నెల మాత్రమే దాటింది కాబట్టి కంగారుపడి వచ్చే వారమే వెళ్లవలసిన అవసరం ఏమీ లేదు. మరో తేదీకి స్లాట్ తీసుకుని, ఈలోగా గేర్ల బండి నేర్చుకోండి. బ్యాలెన్స్ ఇప్పటికే వచ్చు కాబట్టి మీరు నేర్చుకోవలసింది ముఖ్యంగా ఎడమ చేతి క్లచ్, ఎడమ కాలి గేరు, కుడి కాలి బ్రేకు. స్కూటర్ అలవాటున్నవారికి ఎడమ చేతిలో బ్రేకు ఉన్నట్టు అనిపించి, ఆపవలసిన చోట క్లచ్ పట్టేస్తారు, బండి ఆగకుండా జారుకుంటూ ముందుకు పోతుంది. 8 ట్రాక్‌లో కాలు కింద పెట్టేది ఎక్కువగా అక్కడే. ఆ అలవాటు పోయేవరకు ఖాళీ స్థలంలో మెల్లగా తిప్పండి. ఆరు నెలల గడువు మాత్రం దాటనివ్వకండి, దాటితే ఎల్ఎల్ఆర్ మళ్లీ మొదటి నుంచి తీసుకోవాలి.

నాన్నగారి స్కూటర్‌కు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలంటే ఫారం 25 మీద దరఖాస్తు పెట్టి బండిని తనిఖీకి చూపాలి. అంతవరకు దానిని టెస్ట్‌కే కాదు, రోడ్డు మీదకే తీయకండి. ఇన్సూరెన్స్ కట్టాము కదా అన్న ధీమా పనికిరాదు. ఆర్సీ గడువు తీరిన బండితో ఏదైనా జరిగితే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. అమ్మగారి టెస్ట్ నాటికి ఆ బండి సిద్ధం కాకపోతే తెలిసినవారి స్కూటర్ తీసుకోండి, కాగితాల మీద తేదీలు చూసుకున్నాకే.

ఆమె కొత్తగా విద్యుత్ స్కూటర్ కొనాలనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. గంటకు 25 కిలోమీటర్ల వేగం, 250 వాట్ల మోటారు దాటని చిన్న బండ్లకే లైసెన్స్ అవసరం లేదు. షోరూములలో కనిపించే వేగమైన విద్యుత్ స్కూటర్లకు లైసెన్స్, రిజిస్ట్రేషన్ అన్నీ కావాలి.

జవాబు: మల్కాజిగిరి గృహిణి

అమ్మాయీ, మీ అమ్మగారి వయసుకు దగ్గరలో ఉన్నప్పుడే నేను కూడా లైసెన్స్ తీసుకున్నాను కాబట్టి ఆమెకు పనికొచ్చే సంగతులు రాస్తున్నాను.

నలభై దాటినవారు దరఖాస్తుతో పాటు ఫారం 1-ఏ అనే మెడికల్ సర్టిఫికెట్ ఇవ్వాలి. మీకైతే ఆరోగ్యం బాగుందని సొంతంగా ఇచ్చే ఫారం 1 చాలు. సర్టిఫికెట్ మీద ఫోటో అతికించి, డాక్టరు గారి ముద్ర సగం ఫోటో మీద, సగం కాగితం మీద పడేలా వేయించుకోవాలి. ఫోటో మరిచి వెళితే డాక్టరు దగ్గరకే మళ్లీ వెళ్లవలసి వస్తుంది. బయట చూడకుండానే సంతకం చేసి ఇచ్చేవారు కూడా ఉంటారు. అలాంటి సర్టిఫికెట్ తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలో ఉన్న బండి నంబరు ప్లేటు చదవగలగాలి, అవసరమైతే కళ్లద్దాలతోనే. ఎరుపు, ఆకుపచ్చ రంగులు పోల్చుకోగలగాలి, చెవులు వినిపించాలి. మన వయసులో ఈ పరీక్ష మన క్షేమం కోసమే. దూరపు చూపుకు అద్దాలు వాడేవారైతే ఎల్ఎల్ఆర్ రోజునా, టెస్ట్ రోజునా అవి తప్పక పెట్టుకుని వెళ్లాలి. దగ్గర చూపుకు వేరే అద్దాలుంటే వాటిని కూడా తీసుకెళ్లమనండి, ఎందుకంటే ఎల్ఎల్ఆర్ పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది. తెలుగులో రాయవచ్చు. 20 ప్రశ్నలకు 12 సరిగ్గా చెబితే చాలు. రోడ్డు గుర్తుల బొమ్మలు చిన్నగా కనిపిస్తాయి. వన్ వేకూ నో ఎంట్రీకీ, ఆగరాదు అన్న గుర్తుకూ పార్కింగ్ చేయరాదు అన్న గుర్తుకూ తేడా తెరమీద పోల్చుకోవాలంటే అద్దాలు ఉండాల్సిందే.

ఎల్ఎల్ఆర్ రోజున మెడికల్ సర్టిఫికెట్, వయసుకూ చిరునామాకూ పైన పెద్దాయన చెప్పిన కాగితాలు, వాటి జిరాక్స్‌లు, స్లాట్ కాగితం, రసీదు ఉంటే చాలు. ఫోటో అక్కడే తీస్తారు, సంతకం కూడా అక్కడే పెట్టిస్తారు. ఆ సంతకమే కార్డు మీద అచ్చవుతుంది కాబట్టి బ్యాంకులో పెట్టే సంతకమే పెట్టమనండి. కొందరు తొందరలో పొడి అక్షరాలతో గీసేస్తారు.

బండి టెస్ట్ నాటికి బట్టల సంగతి కూడా చూసుకోవాలి. మీ అమ్మగారు చీర కట్టుకునే వెళతారేమో. అలాగే వెళ్లవచ్చు గానీ కొంగు నడుముకు దోపి పిన్ను పెట్టుకోవాలి, కుచ్చిళ్లు కొంచెం పైకి కట్టుకోవాలి. హవాయి చెప్పులతో కాకుండా వెనుక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకోమనండి. 8 ట్రాక్‌లో ఆఖరి మలుపు దగ్గర కాలు కింద పెట్టకూడదన్న కంగారులో చెప్పు జారిపోయి ఆగిపోయినవారిని నేను చూశాను. హెల్మెట్ కొత్తది కొంటే ముందే కొన్ని రోజులు పెట్టుకుని నడిపించండి. కొత్త హెల్మెట్‌లో పక్క శబ్దాలు తక్కువగా వినిపించి భయం వేస్తుంది.

మరొకటి, 51 ఏళ్ల వయసులో తీసుకుంటే లైసెన్స్ ఆమెకు 60 నిండేవరకు చెల్లుతుంది. ముప్పై లోపువారికి 40 నిండేవరకు ఇస్తారు కాబట్టి మీకు చాలాకాలం దాని గురించి ఆలోచించే పని లేదు.

ప్రశ్న అడిగినవారు: దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయి

మీ జవాబు అమ్మకు చదివి వినిపించాను, చెప్పుల సంగతి విని బాగా నవ్వుకుంది. ఆమె పెళ్లి నమోదు కోసం నాన్నగారు వచ్చే నెల సెలవు పెట్టి వస్తామన్నారు. నా స్లాట్ వెనక్కి జరుపుకుంటున్నాను. ఒక్క చివరి సందేహం. టెస్ట్ పాసయితే కార్డు అక్కడే ఇస్తారా? పగటిపూట నేను ఆఫీసులో ఉంటాను, అమ్మ కూడా అప్పుడప్పుడు సూర్యాపేట వెళుతుంటుంది.

జవాబు: డ్రైవింగ్ స్కూల్ శిక్షకుడు

చేతికి ఇవ్వరు, దరఖాస్తులో ఉన్న చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపుతారు. అద్దె ఇంట్లో ఉన్నవారు చిరునామా రాసేటప్పుడు ఇంటి నంబరుతో పాటు అంతస్తు, అపార్ట్‌మెంట్ పేరు, దగ్గరలోని గుర్తు కూడా వేయాలి, ఫోన్ నంబరు వాడుకలో ఉన్నదే ఇవ్వాలి. తలుపు వేసి ఉంటే కార్డు తిరిగి కార్యాలయానికి వెళ్లిపోతుంది, అప్పుడు గుర్తింపు పత్రం పట్టుకుని మీరే వెళ్లి తీసుకోవాలి. పాసయిన రోజే వాచ్‌మన్‌కో, పక్కింటివారికో చెప్పి ఉంచండి. ఈలోపల ఇల్లు మారే ఆలోచన ఉంటే మాత్రం, మారి ఆధార్‌లో చిరునామా మార్చుకున్న తరువాతే కొత్త స్లాట్ తీసుకోండి.